మా మావయ్య కట్టిన చక్రాల ఇల్లు

మా మావయ్య పోయాడన్న కబురు నాకు విజయనగరం కూరగాయల మార్కెట్లో తెలిసింది. వంకాయలు ఏరుతుండగా ఫోను మోగింది. అత్త. ఆవిడ ఏడవలేదు. "అమ్మడూ, మీ మావయ్య పొద్దున టీ తాగి, కుర్సీలో కూకున్నోడు కూకున్నట్టే ఎల్లిపోయాడే. నువ్వు బేగి రా," అంది. ఏరిన వంకాయలు మళ్ళీ గుట్టలో పోసేశాను. అమ్మే ఆవిడ నా మొహం చూసి, ఖాళీ సంచి మడతపెట్టి నా చేతికిచ్చింది.

సాలూరు చేరేసరికి వాళ్ళ వీధి పొడవునా లారీలు ఆగి ఉన్నాయి. డ్రైవర్లు తువ్వాళ్ళు తల నుంచి తీసి భుజాన వేసుకుని నిలబడ్డారు. ఒక్కొక్కరూ ఒక్కో రోడ్డు గురించి చెప్పారు. ఒడిశా ఘాటీలో వాన కురుస్తుంటే ఆగిపోయిన ఎవరి లారీకో రెండు పూటలు కాపలా ఉన్నాడని ఒకాయన, తన బండి చెడితే మావయ్య తన లారీలోని సరుకు దించేసి మరీ సాయం వచ్చాడని మరొకాయన. అవన్నీ నిజమే అయ్యుంటాయి. కానీ నేను ఎక్కువగా తలుచుకునే మావయ్య లారీ మావయ్య కాదు. ఆయన చివర కట్టించిన బండి ఒకటుంది. దాని గురించి ఆ రోజు ఎవరూ మాట్లాడలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

మావయ్య మా అమ్మకి తమ్ముడు. క్లీనరుగా లారీ ఎక్కి, డ్రైవరై, సొంత లారీ కొని, ఆఖరుకి సాలూరులో చిన్న ట్రాన్స్‌పోర్టు ఆఫీసు పెట్టుకున్నాడు. సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. ఏ బండి దిగినా ముందు దాని చుట్టూ తిరిగి టైర్లని అరచేత్తో ఒక్కోటి చరిచేవాడు. మా ఇంటికొస్తే నా స్కూటర్ని కూడా వదిలేవాడు కాదు. "ఎనక టైరుకి గాలి తక్కువున్నాది, సూసుకోవేటి?" అని గుమ్మంలోనే కేకలు. దారి తప్పితే వెంటనే ఆపి ఎవరో ఒకరిని అడిగేవాడు. "దారి అడిగితే పరువు పోదు, డీజిలు మిగులుతాది," అనేవాడు.

దేశమంతా తిరిగిన ఆ మనిషికి దొరికిన భార్య మాత్రం ఇల్లు కదలదని మా చుట్టాల్లో అందరూ అనుకునేవాళ్ళు. అత్త ఏ పెళ్ళికీ వచ్చేది కాదు. నా పెళ్ళికి కూడా రాలేదు. ఒక డబ్బా నిండా అరిసెలు చేసి మావయ్య చేత పంపించింది. ఒకసారి ఒంట్లో బాగోలేదనేది, ఒకసారి గేదె ఈనేలా ఉందనేది. "దానికి ఇల్లే లోకం," అని మావయ్య నవ్వేసేవాడు. మేమూ నవ్వేవాళ్ళం.

అసలు సంగతి విజయనగరంలో ఒక లేడీ డాక్టరు గదిలో బయటపడింది. అత్తకి నొప్పి ఎక్కువైతే మావయ్య కారులో తీసుకొచ్చాడు. నేనూ లోపలికి వెళ్ళాను. డాక్టరమ్మ పరీక్ష చేసి, "మూత్రం ఆపుకోలేకపోవడం ఎప్పట్నుంచి ఉందమ్మా?" అని అడిగింది. అత్త తల వంచుకుని, "సిన్నోడు పుట్టిన కాణ్ణుంచి," అంది. ఆ చిన్నోడికి అప్పటికే ఇద్దరు పిల్లలు. డాక్టరమ్మ రాయడం ఆపేసింది. మావయ్య గోడకేసి చూస్తూ ఉండిపోయాడు.

తిరిగి వెళ్ళేటప్పుడు గజపతినగరం దగ్గర టీ కోసం ఆగారట. ఆ తర్వాత కొన్నాళ్ళకి మావయ్యే నాకు చెప్పాడు. టీ చేతిలో చల్లారిపోయిందట, తాగబుద్ధి కాలేదట. "బస్సెక్కితే నీళ్ళు తాగకుండా కూకోవాల, దిగితే ఏ తుప్ప సాటున్నాదా అని ఎతుక్కోవాల, నలుగురిలో సీర తడిస్తే ఎలగ. ఆ బయానికి ఇంట్లో ఉండిపోయిందే. ఎన్ని వేల మైళ్ళు తోలేనో, ఆగిన సోటల్లా టైర్లు కొట్టి సూసేవోడిని. దీన్ని మాత్రం ఏటే అని ఒక్కసారి అడగలేదు," అన్నాడు.

అత్తకి ఆపరేషన్ అయింది. కొంత నయమైంది. భయం మాత్రం పోలేదు. అప్పుడు మావయ్య ఒక పాత మినీ బస్సు కొన్నాడు. సీట్లన్నీ పీకించి, సాలూరులో లారీ బాడీలు కట్టే షెడ్డులో పెట్టాడు. వడ్రంగులు ప్లాను అడిగితే ఒకటే చెప్పాడు. "ముందు బాత్రూమ్ కట్టండి. మిగిలిన జాగాలో ఇల్లు కట్టండి."

అలాగే కట్టారు. వెనక ఒక మూల తలుపున్న గది, అందులో కూర్చునే కమోడు, పట్టుకుని లేవడానికి స్టీలు కడ్డీ, పైన నీళ్ళ టాంకు. దానికి ముందు రెండు మంచాలు, చిన్న గ్యాసు పొయ్యి, గిన్నెలు దొర్లిపోకుండా కట్టిన అర. కొడుకులిద్దరికీ నామోషీగా అనిపించింది. అత్త అయితే సిగ్గుతో కుంచించుకుపోయింది. "ఊరంతా నవ్వుతాది," అంది. "నవ్వనీ. నవ్వినోళ్ళు మనతోటి వొస్తారేటి?" అన్నాడు మావయ్య.

అత్త ఒక షరతు పెట్టింది. అమ్మడు వస్తేనే వస్తానంది. నేను బడిలో పంతులమ్మని. దసరా సెలవులు వచ్చాయి. మా ఆయన్ని, పిల్లని మా అత్తగారికి అప్పజెప్పి బయల్దేరాను.

మొదటి మైళ్ళలోనే తిప్పలు మొదలయ్యాయి. రామభద్రపురం దగ్గర మేక అడ్డొచ్చి మావయ్య బ్రేకు వేస్తే, పైన టాంకు మూత ఎగిరిపోయి నీళ్ళన్నీ ముందద్దం మీదకి జలపాతంలా దూకాయి. అదే కుదుపుకి ఆవకాయ జాడీ కింద పడి పగిలింది. ఆ ప్రయాణమంతా మేం ఆవకాయ వాసనలోనే పడుకున్నాం, లేచాం. మావయ్య విసుక్కోలేదు. "బండి ఆగిపోడం తప్పు కాదు. ఆగిన సోట కసురుకోడం తప్పు," అని, తడిసిన పరుపులు రోడ్డు పక్క కంచె మీద ఆరేశాడు.

అరసవల్లిలో ఆదివారం. గుడి చుట్టూ ఆటోలు, లాడ్జీల ముందు బస్సులు, క్యూ సందులోంచి బయటికొచ్చేసింది. ఎన్నో ఏళ్ళుగా అత్త ఆ దేవుణ్ణి టీవీలోనే చూసింది. బండి వీలైనంత దగ్గరగా పెట్టించి, మావయ్య ఆవిడతో, "నీకు ఎప్పుడు గావాలంటే అప్పుడు ఎనక్కి వొచ్చెయ్. క్యూ ఎక్కడికీ పోదు," అన్నాడు. అత్త ఒకసారి మధ్యలో వచ్చింది. తలుపు వేసుకుని, మొహం కడుక్కుని, మళ్ళీ వెళ్ళి క్యూ చివర నిలబడింది. అంతసేపూ మావయ్య బండి మెట్టు దగ్గర చేతులు కట్టుకుని నిలబడే ఉన్నాడు. ఒక ఆటో కుర్రాడొచ్చి, "ఇదేటి బండి బాబూ, ఆస్పత్రి బండా? బీపీ సూస్తారేటి?" అని అడిగితే, "సూడం. పోరా," అన్నాడు.

దర్శనం అయి వచ్చాక అత్త ఆ మెట్టు మీదే కూర్చుని ప్రసాదం పెట్టింది. గ్లాసెడు నీళ్ళు గటగటా తాగింది. ప్రయాణంలో ఆవిడ అలా నీళ్ళు తాగడం ఎంత పెద్ద సంగతో నాకు తెలుసు, మావయ్యకీ తెలుసు. ఆయన మొహం పక్కకి తిప్పుకున్నాడు.

టెక్కలి దాటాక ఒక ఊళ్ళో దారి అడగడానికి ఆగితే నలుగురైదుగురు ఆడవాళ్ళు సంచులు పట్టుకుని వచ్చేశారు. "ఈ నెల బియ్యం ఇంత బేగి వొచ్చేసేయేటి?" అంది ముందున్నావిడ. మావయ్య దిగి, "రేషన్ బండి కాదమ్మా, మా ఇల్లు," అన్నాడు. "ఇల్లయితే నడుస్తాదేటి?" అని ఆవిడ. "నడుస్తాది. అప్పుడప్పుడు ఆగిపోతాది కూడా." నిజంగానే ఆ ఊరి చివర స్వాగత ద్వారం కింద టాంకు ఇరుక్కుని ఆగిపోయింది. ఆ సంచుల వాళ్ళే నవ్వుతూ చుట్టూ చేరారు. మావయ్య నాలుగు వైపులా టైర్లలో గాలి కొంత కొంత తీసేసి, బండి కిందకి దిగాక మెల్లగా అవతలికి లాగేశాడు. టాంకు సొట్ట పడింది. మళ్ళీ గాలి పట్టించడానికి పంక్చరు షాపు దొరికేదాకా ఎద్దుబండి కన్నా నెమ్మదిగా వెళ్ళాం.

భావనపాడులో చక్రాలు ఇసకలో దిగబడ్డాయి. వలలు బాగుచేసుకుంటున్న మత్స్యకారులు మోకు తెచ్చి, తెప్పలు లాగేటప్పుడు పాడే పాట పాడుతూ లాగి పడేశారు. వద్దన్నా వినకుండా చేపలిచ్చి వెళ్ళారు. అత్త ఆ బండి పొయ్యి మీద పులుసు పెట్టింది. సాయంత్రం చీర కొంచెం ఎత్తి పట్టుకుని సముద్రంలోకి మోకాళ్ళ దాకా వెళ్ళింది. ఒక కెరటం నడుం దాకా తడిపేసింది. "తడిసిపోయావే," అని మావయ్య ఒడ్డు నుంచి అరిచాడు. "తడవనీ. ఇక్కడ అందరూ తడిసే ఉన్నారు," అంది అత్త.

తిరుగు దారి కొండల కింద నుంచి వెళ్దామన్నాడు మావయ్య. మేం చూసిన వింత అక్కడే ఉంది. పాతపట్నం దాటి చాలా దూరం వచ్చాక ఇంజన్లోంచి ఆవిరి కక్కింది. ఫ్యాన్ బెల్టు తెగిపోయింది. బండి పల్లంలోకి దొర్లుకుంటూ వెళ్ళి ఒక మామిడితోపు ముందు ఆగింది. తోపు అవతల మట్టి గోడల ఇళ్ళు, తాటాకు కప్పులు. కరెంటు స్తంభం ఒక్కటి లేదు. తీగ లేదు. చేత్తో నేసిన ముతక బట్టలు కట్టుకున్న మనుషులు నిదానంగా మా వైపు నడిచి వచ్చారు.

వాళ్ళు ఎక్కడెక్కడి నుంచో వచ్చి అక్కడ ఊరు కట్టుకున్నవాళ్ళు. కరెంటుతో, డీజిలుతో నడిచేదేదీ ఊళ్ళోకి రానివ్వకూడదని వాళ్ళ నియమం. వాళ్ళ బియ్యం వాళ్ళే పండించుకుంటారు, దంచుకుంటారు, వాళ్ళ బట్ట వాళ్ళే నేసుకుంటారు. పొద్దున్నా సాయంత్రం భజన. వాళ్ళలో పెద్దాయన ఒకప్పుడు పట్నంలో ఇంజనీరుగా చేశాడని తర్వాత తెలిసింది. "బండి తోపులోనే ఉండనివ్వండి బాబూ. మీరు మాత్రం లోపలికి రండి," అన్నాడు ఆయన.

మావయ్య బెల్టు కోసం షేర్ ఆటో పట్టుకుని దగ్గర్లోని టౌనుకి వెళ్ళాడు. సాయంత్రానికి ఉత్త చేతులతో వచ్చాడు. ఆ రోజు ఆయుధ పూజ. షాపులన్నీ షట్టర్లు దించి, గుమ్మడికాయలు కొట్టి, దండలు వేసుకుని ఉన్నాయట. మర్నాడు కూడా తియ్యరట. "నా బతుకంతా దసరాకి బళ్ళకి పూజలు సేసేను. ఆ పూజే ఇయ్యాల నన్ను ఆపేసింది," అన్నాడు.

ఆ ఊళ్ళో మావయ్య మొదట చాలా కష్టపడ్డాడు. ఫోను చచ్చిపోయింది. రేడియో లేదు, హారన్ చప్పుడు లేదు. బండి చుట్టూ తిరిగి, చరిచిన టైర్లనే మళ్ళీ చరిచాడు. చూసి చూసి పెద్దాయన, ఎద్దుబండి చక్రం ఇరుసులో బిగుసుకుంది, ఒక చెయ్యి వెయ్యమన్నాడు. ఇద్దరూ కలిసి చక్రం ఊడదీసి, ఆముదం రాసి, మళ్ళీ ఎక్కించారు. పని చేస్తూ పెద్దాయన అడిగాడు, "మీరు చాలా ఊళ్ళు చూసి ఉంటారు కదా?"

మావయ్య చేతికంటిన ఆముదం తుడుచుకున్నాడు. "రోడ్లు సూసేనండి. ఊళ్ళు సూడలేదు," అన్నాడు.

అత్త సంగతి వేరు. మొదట ఆవిడ బండిలోంచి దిగడానికే వెనకాడింది. ఒక పెద్ద వయసు ఆవిడ మెట్టు దగ్గరకొచ్చి, గొంతు తగ్గించి, "అమ్మా, ప్రతి ఇంటి వెనకా తలుపున్న గది ఉంది. నీళ్ళున్నాయి. మీకు ఇబ్బంది ఉండదు," అంది. ఎవరు చెప్పారో తెలియదు. ఆవిడే ఊహించి ఉంటుంది. అత్త ఆవిడ చెయ్యి పట్టుకుని దిగింది.

ఆ పెద్దావిడ ఇంటి అరుగు మీద ఆడవాళ్ళు రాట్నాలు ముందేసుకుని నూలు వడుకుతున్నారు. అత్త చాలాసేపు చూసింది. తర్వాత అడిగి ఒక రాట్నం ముందుకు లాక్కుంది. ఎడమ చేత్తో దూది ఏకు పట్టుకుని, కుడి చేత్తో చక్రం తిప్పింది. మొదట దారం రెండుసార్లు తెగింది. మూడోసారి సన్నగా, తెల్లగా సాగుతూ వచ్చింది. అరుగు మీద మిగిలిన చేతులు ఆగిపోయాయి.

అటుగా వచ్చిన మావయ్య అక్కడే నిలబడిపోయాడు. "ఏటే, నీకిది వొచ్చునేటి?"

"మాది పొందూరు పక్క కదేటి. పెళ్ళికి ముందు మా అమ్మా నేనూ రోజూ వడికేవోళ్ళం."

"నాకెప్పుడూ సెప్పలేదేటి?"

"నువ్వెప్పుడు అడిగేవు?" అంది అత్త. దెప్పుతున్నట్టు కాదు. చేస్తున్న పని మీదే కళ్ళుంచి మామూలుగా అంది.

ఆ సాయంత్రం మేం ముగ్గురం తోపులో బండి పక్కన చాప వేసుకుని కూర్చున్నాం. ఊళ్ళోంచి భజన వినిపిస్తోంది. మావయ్య చివరికి అడిగేశాడు. "ఒసే, ఒక మాట అడుగుతాను. ఇంత యాతన పడి నీకోసం బండి కట్టించేను. నీకు దాని కన్నా ఈళ్ళ మట్టిల్లే బాగున్నాదేటి? ఇక్కడికొచ్చిన కాణ్ణుంచి బండి ఎక్కనే లేదు."

అడిగేటప్పుడు ఆయన అత్త వైపు చూడలేదు. గడ్డిపరక తుంచుతున్నాడు. ఆ మాటలో కోపం లేదు, బాధే ఉంది.

"బాగున్నాదయ్యా," అంది అత్త. "ఇక్కడ నన్నెవరూ తొందర పెట్టట్లేదు. కానీ నీ బండి లేకపోతే ఈ ఇల్లు నేనెలగ సూద్దును? సముద్రం ఎలగ సూద్దును? ఇన్నేళ్ళూ నాకు ఊరు లేక కాదు, దారి లేక ఉండిపోయేను." కొంగు భుజాన సర్దుకుని, "నువ్వు అడిగేవు. అదే సాలు," అంది.

మావయ్య తుంచుతున్న గడ్డి వదిలేశాడు. లేచి వెళ్ళి బండిలోంచి దుప్పటి తెచ్చి ఆవిడ కాళ్ళ మీద కప్పాడు. మంచు పడుతోంది.

ఆ ప్రయాణం తర్వాత అత్త ఏ శుభకార్యానికీ రాకుండా ఉండలేదు. మా చిన్నపాప అన్నప్రాశనకి ముందురోజే దిగి, పరమాన్నం తనే వండింది. ఇంకో సంగతి కూడా జరిగింది. పెళ్ళిళ్ళలో, పందిళ్ళ దగ్గర, వయసు మళ్ళిన ఆడవాళ్ళు ఒక్కొక్కరే అత్త పక్కకొచ్చి చెవిలో అడగడం మొదలుపెట్టారు. అత్త వాళ్ళని చెయ్యి పట్టుకుని బండి దగ్గరికి తీసుకెళ్ళేది. మావయ్య దూరంగా, బండికి వీపు పెట్టి నిలబడి, ఆ దారిన వచ్చే మగవాళ్ళని అటు మళ్ళించేవాడు. ఆ బండి ఎందుకు కట్టించాడో ఆ ఆడవాళ్ళకి ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేకపోయింది. మొదట నామోషీ పడ్డ పెద్దకొడుకు తర్వాత తన అత్తగారి కోసం ఆ బండి అడిగి తీసుకెళ్ళాడు.

పోయే ముందు మావయ్యకి పెద్ద జబ్బేమీ లేదు. ఆయాసం వచ్చేది. ఫోన్లో అడిగితే, "ఇంజను పాతదైపోనాది, సప్పుడు సేస్తాది మరి," అని మాట మార్చేసేవాడు. పోవడానికి ముందు వారం నాతో మాట్లాడినప్పుడు మహేంద్రగిరి వైపు ఎప్పుడూ వెళ్ళలేదని, చలి తగ్గాక మీ అత్తని తీసుకెళ్ళాలని అన్నాడు.

పెద్దకర్మ అయ్యాక కొడుకులు బండిని ఏం చేద్దామని అత్తని అడిగారు. నేనక్కడే ఉన్నాను. ఆవిడ గుమ్మంలో కూర్చుని చింతపండు పిక్కలు తీస్తోంది. చెయ్యి ఆపకుండా, "ఉండనీ. నాకు దారులు తెలిసేయి. తోలేవోడిని సూడండి," అంది. కొడుకులు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకుని తలలూపారు.

ఆ రోజు ఇంటికి తిరిగొస్తూ బస్సులో మావయ్యని తలుచుకుంటే, ఆయన లారీ స్టీరింగు పట్టుకున్న మనిషిగా గుర్తురాలేదు. కొండల కింద ఆ ఊరి నుంచి మేం బయల్దేరిన పొద్దు గుర్తొచ్చింది.

పండగ వెళ్ళాక బెల్టు దొరికింది. మావయ్య బిగించాడు. తాళం తిప్పడమే తరువాయి. అప్పుడు తోపులో పిల్లలు చాపల మీద కూర్చుని పాఠం వల్లె వేస్తున్నారు. మావయ్య తాళం మీద చెయ్యి పెట్టి ఆగాడు. దిగి పెద్దాయన దగ్గరికెళ్ళాడు. "ఇంజను ఇక్కడ స్టార్టు సెయ్యనండి. రోడ్డు దాకా మీ యెడ్లు ఇస్తారేటి?" అని అడిగాడు. పెద్దాయన నవ్వలేదు. రెండు జతలు కట్టించాడు.

నన్ను స్టీరింగు దగ్గర కూర్చోబెట్టి, "తిన్నగా పట్టుకో, అంతే," అన్నాడు మావయ్య. బండి కదిలింది. గంటల చప్పుడు, గిట్టల చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. రెండు పక్కలా వరి పొట్ట మీదుంది. అత్త కిటికీ దగ్గర కూర్చుంది. మావయ్య బండెక్కలేదు. తువ్వాలు తలకి చుట్టుకుని, కిటికీ అంచు మీద చెయ్యి వేసి, యెడ్ల నడకతో సమానంగా పక్కనే నడుస్తూ ఆవిడకేదో చెబుతున్నాడు. ఏం చెబుతున్నాడో నాకు వినబడలేదు. అద్దంలోంచి చూస్తే, అత్త కిటికీలోంచి బయటికి వంగి, ఆయన మాట వింటూ, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది.